గడ్డిలో గెంతు... గదిలో గెంతు!

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఓ నలభై అయిదు కిలోమీటర్లు వెళితే రోళ్లపాడు. దారికి అటూ ఇటూ జొన్న చేలు, పత్తి చేలు. 'అభయారణ్యం' అన్న మాట విని బయల్దేరిన పిల్లలు కారు కిటికీలోంచి అడవి కోసం వెతుకుతూ ఉంటారు. అడవి ఎంతకీ రాదు. చివరికి బండి ఆగిన చోట చూస్తే ఏముంటుంది? గడ్డి. కనుచూపు మేరా గడ్డి. మధ్యమధ్యలో ఒకటో రెండో తుమ్మచెట్లు, పైన బోలెడంత ఆకాశం. 'ఇదేనా అడవి?' అని పిల్లలు మొహం వేలాడేస్తారు. పులి లేదు, ఏనుగు లేదు, కనీసం ఎక్కడానికి ఓ కొండ కూడా లేదు. అమ్మానాన్నలకీ లోలోపల అదే అనుమానం... ఇంత పొద్దున్నే లేచి, టిఫిను డబ్బాలు కట్టుకుని వచ్చింది దీనికోసమా అని!

కాస్త ఓపిక పట్టాలి. రోళ్లపాడు ఒక్క చూపులో తనేమిటో చెప్పే ఊరు కాదు. అడవిలో జంతువులు చెట్ల చాటున దాక్కుంటాయి. ఇక్కడ చెట్లు లేవు కాబట్టి గడ్డిలో దాక్కుంటాయి. మరి గడ్డిలో ఉన్నవాళ్లు బయటి ప్రపంచాన్ని చూడాలన్నా, బయటి ప్రపంచానికి తాము కనిపించాలన్నా ఒకటే దారి. ఎగరాలి! రెక్కలున్నా లేకపోయినా ఉన్నచోటు నుంచి ఒక్క గెంతు గెంతాలి. ఈ నేల మీద బతికే జీవుల్లో చాలావాటికి ఆ విద్య బాగా తెలుసు. ఆ విద్యలో కిటుకేమిటో ఇంట్లో ఓ పాత శుభలేఖ, రబ్బరు బ్యాండు ఉంటే పిల్లలే తేల్చేయొచ్చు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఊరు చూద్దాం.

బట్టమేక పేరు మీద...

రోళ్లపాడు పేరు నలుగురికీ తెలిసింది గెంతే జంతువుల వల్ల కాదు, బట్టమేక వల్ల. మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా బరువు. ఎగిరే పక్షుల్లో అంత బరువున్నవి ప్రపంచంలోనే బహు కొద్ది. 1963లో మన జాతీయపక్షిగా నెమలిని ఎంపిక చేశారు కానీ, ఆ గౌరవానికి బట్టమేక పేరు కూడా పోటీలో నిలిచింది. 1980 దశకంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఈ పచ్చికబయళ్లలో ఏళ్ల తరబడి ఉండి ఆ పక్షి తీరుతెన్నుల్ని రాసుకున్నారు. దాన్ని కాపాడటం కోసమే 1988లో ఇక్కడి 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. అప్పట్లో ఇది కర్నూలు జిల్లా. 2022లో జిల్లాలను విడదీశాక నంద్యాల జిల్లాలోకి వచ్చింది.

ఇప్పుడు బట్టమేక కోసం రోళ్లపాడు వెళితే నిరాశే ఎదురవుతుంది. చుట్టుపక్కలకు సాగునీరొచ్చింది. ఒకప్పుడు కొర్రలు, జొన్నలు, బీడు భూములు ఉన్నచోట పత్తిలాంటి పంటలొచ్చాయి. బట్టమేకకి అభయారణ్యం గీసిన గీతతో పనిలేదు. చుట్టూ ఉన్న బీళ్లన్నీ దానికి ఇల్లే. నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఏడాదికి ఒక్కటంటే ఒక్కటి. ఆ బీళ్లు పోయాక పక్షీ పోయింది. దేశం మొత్తం మీద అడవుల్లో మిగిలినవి నూట యాభై దరిదాపుల్లో ఉంటాయని చెబుతారు. వాటిలో చాలావరకు రాజస్థాన్‌లోనే ఉన్నాయి. ఇక్కడ ఏళ్ల తరబడి దాని కోసం కళ్లు కాయలు కాచేలా చూసినవాళ్లు ఉన్నారు.

ఎవరి కోసమైతే నేలను కేటాయించారో ఆ అతిథి లేదు. మరి పిల్లలకి చూపించడానికి ఏముంది? చాలా ఉంది!

ఒకటి ఎగిరితే మందంతా...

పొద్దున ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్య గడ్డి అంచున కాసేపు కదలకుండా నిలబడితే చాలు. ముందుగా కనిపించేవి కొమ్ములు. మర తిప్పినట్టుగా మెలికలు తిరిగిన పొడవాటి కొమ్ములు. తర్వాత నల్లటి వీపు, తెల్లటి పొట్ట, కళ్ల చుట్టూ తెల్లటి వలయం. కృష్ణజింక! ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. పాత తెలుగులో మగదాన్ని 'ఇర్రి' అనేవారు. నలుపు మగవాటికే. ఆడవి, పిల్లలు లేత గోధుమ రంగులో ఉంటాయి. జింక అంటున్నాం కానీ లెక్క ప్రకారం చుక్కల దుప్పిలాంటి జింకల కుటుంబం కాదిది. వాటికి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. దీనివి జీవితాంతం ఉంటాయి.

మంద తలలు వంచి మేస్తూ ఉంటుంది. ఎక్కడో తోడేలు వాసన తగిలిందో, పొలం గట్టున కుక్క కనిపించిందో... ఒక ఆడ జింక ఉన్నపళంగా నిటారుగా గాల్లోకి లేస్తుంది. పరుగెత్తదు, ముందు ఎగురుతుంది! నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదిలేస్తాయి. దాన్ని చూసి పక్కది, పక్కదాన్ని చూసి ఇంకోటి... క్షణాల్లో మందంతా పాలు పొంగినట్టు లేచి పడుతూ ఉంటుంది. ఆ తర్వాతే పరుగు. ఒక్కో అంగలో ఆరు మీటర్ల దాకా దాటేస్తాయి. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలవు. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలిలోనూ ఇవి ఉన్నాయి కానీ, చుట్టూ ఊరు, మధ్యలో కంచె. ఇలా బారులు తీరి గెంతుతూ వెళ్లడం చూడాలంటే ఇంత ఆకాశం కావాలి.

పారిపోవాల్సిన సమయంలో ఈ గెంతులేమిటి? తీరిగ్గా ఆలోచిస్తే తప్ప జవాబు తట్టదు. పైకి లేస్తే గడ్డి మీదుగా శత్రువు ఎక్కడుందో తనకు కనిపిస్తుంది. ప్రమాదం ఉందని మిగతావాటికీ తెలుస్తుంది. అంతేకాదు, 'నిన్ను చూసేశాను, నా కాళ్లలో సత్తా చూశావుగా, ఇక నా వెంటపడటం దండగ' అని తోడేలుకి చెప్పడం కూడా కావొచ్చని జంతు శాస్త్రవేత్తల మాట. నిజంగానే దూకిన దూకుడు చూసి వేటాడే జంతువు వెనక్కి తగ్గితే ఇద్దరికీ శ్రమ తప్పినట్టేగా!

ఇంతవరకూ చూడముచ్చటగా ఉంది. కానీ చేను ఉన్న రైతు దగ్గరకెళ్లి ఇదే మాట చెబితే మొహం మాడ్చుకుంటాడు. బట్టమేక కోసం ఏర్పాటు చేసిన రక్షణలో ఇర్రి మందలు బాగా పెరిగాయి. వాటికి అభయారణ్యంలోని గడ్డి కంటే పక్కనున్న లేత జొన్న, శనగ, వేరుశనగ రుచి. రాత్రికి రాత్రి చేలో పడి మేసేసి పోతాయి. చంపడానికి లేదు, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువది. కాబట్టి రైతు మంచె మీద జాగారం చేయాలి. డబ్బాలు వాయించాలి. చేను చుట్టూ పాత చీరలు కట్టాలి. అయినా ఆరడుగుల ఎత్తును అవలీలగా దాటే జీవికి చీర కంచె ఒక లెక్కా? పట్నం నుంచి వచ్చినవాళ్లకి ముచ్చటేసే ఆ గెంతే ఇక్కడి ఇళ్లలో పంట లెక్కను తారుమారు చేస్తుంది. అభయారణ్యం మీద ఊళ్లలో కినుక ఉండటం వింతేమీ కాదు. పక్షిని కాపాడటంలో ఊరివాళ్లను కలుపుకోకపోతే ఏమవుతుందో రోళ్లపాడు బాగానే చూసింది.

అర కిలో పక్షి, ఐదొందల గెంతులు

అసలు సిసలు గెంతులవీరుడు మాత్రం వేరే ఉన్నాడు. నేల నెమలి! బట్టమేక కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది. మగ పక్షి అర కిలో ఉంటే గొప్ప, ఆడదే దానికన్నా కాస్త పెద్దది. వానాకాలంలో మగ పక్షి ఒంటికి నలుపు తెలుపు రంగులొస్తాయి. తల వెనక రిబ్బను ముక్కల్లాంటి సన్నటి ఈకలు వంపు తిరిగి ఉంటాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా, గడ్డి ఏపుగా ఎదిగినప్పుడు జత కోసం వెతుకుతుంది. చిక్కేమిటంటే గడ్డి దానికన్నా ఎత్తు! ఎంత సింగారించుకున్నా చూసేవాళ్లెవరు?

అందుకే ఎగురుతుంది. ఉన్నచోటు నుంచి నిట్టనిలువుగా ఒకటిన్నర, రెండు మీటర్లు లేస్తుంది. రెక్కలు టపటపా కొట్టుకుంటుంటే గిలక్కాయ ఆడించినట్టు చప్పుడు. పైకి వెళ్లాక తల వెనక్కి వంచి, కాళ్లు ముడుచుకుని, మళ్లీ అదే చోటుకి దిగిపోతుంది. గడ్డిలో నల్లగా ఏదో లేచి మాయమైనట్టుంటుంది, అంతే. కాసేపాగి మళ్లీ. ఇలా రోజుకి ఐదొందల సార్ల దాకా ఎగిరినట్టు పరిశీలకులు లెక్కపెట్టారు. ఐదొందల సార్లు! స్కూల్లో పీటీ మాస్టారు యాభై గెంతులు గెంతమంటేనే మోకాళ్లు పట్టుకునే పిల్లలకి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

పెద్దన్న బట్టమేక ఇలా ఎగరదు. మీటరు ఎత్తున్నవాడికి ఆ అవసరమూ లేదు, పదిహేను కిలోలతో అది కుదిరే పనీ కాదు. పొట్టి గడ్డి ఉన్నచోటు చూసుకుని నిలబడి, మెడ కింద సంచిని గాలితో నింపి గంభీరంగా కూత పెడుతుంది. అది చాలా దూరం వినిపిస్తుంది. పొట్టి గడ్డిలో పెద్ద పక్షి కూత, పొడుగు గడ్డిలో చిన్న పక్షి గెంతు. రెండూ ఒకే కుటుంబం! ఎవరి ఒడ్డూ పొడవునిబట్టి వాళ్ల ఉపాయం.

నేల నెమలి కూడా ఒకప్పుడు వానాకాలంలో రోళ్లపాడుకి వచ్చేది. ఇప్పుడు కనబడటం బాగా అరుదు. గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌ల్లోని పచ్చికబయళ్లలోనే కొన్ని మిగిలాయి. దేశమంతా కలిపినా వెయ్యి లోపేనని నిపుణుల అంచనా. 2021లో దీన్ని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాబితాలో చేర్చారు. బట్టమేక అదే జాబితాకి 2011లోనే చేరింది.

మిడత మోకాలిలో గొళ్లెం

ఇక నిరాశ పడే పనే లేని గెంతు ఒకటుంది. గడ్డిలో అడుగు పెడితే చాలు, కాళ్ల చుట్టూ చిటపటమంటూ లేచే మిడతలు! బట్టమేకకీ నేల నెమలికీ ఇష్టమైన తిండి ఇవే. ఏ పక్షీ కనబడని రోజున కూడా పిల్లలు అరగంట సేపు కేరింతలు కొడుతూ వాటి వెంట పరుగెడతారు. ఒక మిడత గడ్డిపరక మీద వాలినప్పుడు వంగి దాని వెనక కాళ్లను చూడమనాలి. లావాటి తొడ, సన్నటి పిక్క, పైకి పొడుచుకొచ్చిన మోకాలు. ఎగరబోయే ముందు ఆ రెండు కాళ్లనూ పూర్తిగా మడిచేసి ఒక్క క్షణం ఆగుతుంది.

కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది. కండరం బలమైనదే కానీ నిదానం. ఎంత గట్టి మనిషైనా బాణాన్ని చేత్తో విసిరితే నాలుగు బారల అవతల పడుతుంది. అదే బాణాన్ని వింటికి తొడిగి, నారిని మెల్లగా వెనక్కి లాగి వదిలితే? దూసుకుపోతుంది. బలం చేతిదే. కానీ నెమ్మదిగా పెట్టిన బలాన్ని విల్లు దాచుకుని ఒక్కసారిగా తిరిగిచ్చింది. పంగలకర్రతో మామిడికాయలు కొట్టిన పెద్దవాళ్లకి దీని గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు.

మిడత మోకాలి దగ్గర అలాంటి చిన్న విల్లే ఉంది. కాలు మడిచినప్పుడు గొళ్లెం పెట్టినట్టు బిగుసుకుంటుంది. అప్పుడు తొడ కండరం దాదాపు అర సెకను సేపు నిదానంగా లాగుతూ పోతుంది. కాలు కదలదు, కానీ మోకాలి దగ్గర గట్టి పెంకులాంటి భాగం విల్లులా వంగుతుంది. గొళ్లెం ఊడిందా... దాచుకున్నదంతా సెకనులో ముప్పయ్యో వంతు కాలంలో బయటికొచ్చేస్తుంది. మిడత గాల్లో ఉంటుంది!

ఇంటికొచ్చాక...

ఆదివారం సాయంత్రం ఇంటికి చేరాక, లేదా రోళ్లపాడు వెళ్లలేని ఏ ఆదివారమైనా సరే, ఈ మిడతని తయారుచేయొచ్చు. కావాల్సింది పాత శుభలేఖ (ఏ ఇంట్లోనైనా సొరుగు నిండా ఉంటాయి), కత్తెర, సెల్లో టేపు, మామూలు రబ్బరు బ్యాండు. శుభలేఖ ఎంత మందంగా ఉంటే అంత మంచిది. పల్చగా ఉంటే రెండు ముక్కల్ని ఒకదానికొకటి గమ్ముతో అంటించాలి.

ఏడు సెంటీమీటర్ల పొడవు, అయిదు సెంటీమీటర్ల వెడల్పుతో రెండు అట్టముక్కలు కత్తిరించాలి. వాటి పొడుగు అంచులు రెండూ పక్కపక్కనే వచ్చేలా పెట్టి, మధ్యలో సన్నటి సందు వదిలి టేపు వేయాలి. అప్పుడది పుస్తకంలా మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. టేపు ఉన్నవైపు పుస్తకానికి వెలుపలి భాగమన్నమాట. ఇక ఒక్కో ముక్కకీ బయటి పొడుగు అంచు మీద, సరిగ్గా మధ్యభాగంలో, రెండు సెంటీమీటర్ల ఎడంతో రెండు చిన్న గాట్లు పెట్టాలి. రబ్బరు బ్యాండును ఒక అంచు గాట్లలో తగిలించి, పుస్తకం లోపలివైపు నుంచి తీసుకెళ్లి రెండో అంచు గాట్లలో తగిలించాలి. వదిలేస్తే పుస్తకం దానంతటదే మూసుకుపోతుంది. అంటే సరిగ్గా కుదిరినట్టే.

ఇప్పుడు దాన్ని విప్పి, రబ్బరు బ్యాండు ఉన్నవైపు కిందికి ఉండేలా నున్నటి గచ్చు మీద పెట్టి, మధ్యలో వేలితో అదిమి పట్టాలి. రబ్బరు సాగి ఉంది. మిడత కాలు మడిచింది. వేలే గొళ్లెం. చటుక్కున వేలు తీసేయాలి. అట్ట టప్పున మూసుకుంటూ గాల్లోకి లేస్తుంది! మొహం దాని మీదికి వంచకూడదు, కంటికి తగులుతుంది. చిన్నపిల్లలు చేసేటప్పుడు పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. మొదటిసారి పక్కకి పల్టీ కొడితే నిరుత్సాహపడక్కర్లేదు. గాట్లు సరిగ్గా ఎదురెదురుగా లేకపోయినా, వేలు ఓ పక్కకి జరిగినా అలాగే అవుతుంది. జానెడు ఎత్తు లేచినా విజయమే. అట్ట గట్టిదైతే మూరెడు లేచినా లేస్తుంది.

చాలా ఇళ్లలో ఆట ఇక్కడితో అయిపోతుంది. అయిపోనివ్వకూడదు. గోడకి దర్జీ టేపు అతికించి, ఒకరు వేలు తీస్తే ఇంకొకరు నేల మీద పడుకుని ఎంత ఎత్తు లేచిందో చూడాలి. ఒక్కసారి చూసి రాసేస్తే కుదరదు, ప్రతిసారీ ఎత్తు మారుతుంది. అయిదుసార్లు ఎగరేసి సగటు వేస్తేనే లెక్క. వేలును టక్కున తీయకుండా మెల్లమెల్లగా పైకి తీసుకొచ్చి కూడా చూడాలి. అదే అట్ట, అదే రబ్బరు, అయినా ముడుచుకుని కూర్చుంటుంది తప్ప ఎగరదు. విల్లుకీ చేతికీ తేడా ఏమిటో పదేళ్ల పిల్లకి దీనికన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

తర్వాత బరువు సంగతి. అట్ట పైభాగాన, మధ్య మడతకి దగ్గరగా ఒక రూపాయి బిళ్లను అంటించి చూడండి. బిళ్ల బరువు దాదాపు అట్ట బరువంత ఉంటుంది కాబట్టి ఎత్తు సగానికి అటూ ఇటూగా పడిపోతుంది. అర కిలో నేల నెమలి రోజంతా ఎగురుతుంటే పదిహేను కిలోల బట్టమేక ఎందుకు నిలబడి కూతతో సరిపెడుతుందో ఇక్కడ తెలుస్తుంది. రెండు రబ్బరు బ్యాండ్లు వేస్తే? పైకి లేస్తుంది, కానీ సరిగ్గా రెట్టింపు రాదు. ఒక్కోసారి అట్టే వంగిపోయి మొదటికే మోసం వస్తుంది. గచ్చు మీద కాకుండా మడతపెట్టిన బొంత మీద పెట్టి ఎగరేస్తే మాత్రం పిల్లలు నోరెళ్లబెడతారు. ఎత్తు బాగా తగ్గిపోతుంది. అట్ట నేలను కిందికి తోస్తే నేల అట్టను పైకి తోస్తుంది. బొంత ఆ తోపును సగం తనే మింగేస్తుంది. కింద గట్టి నేల లేకుండా గెంతు లేదు.

ఇక పిల్లలు తమ కాళ్లనే పరీక్షించుకోవచ్చు. వేళ్లకు సుద్దపొడి అద్దుకుని గోడ పక్కన నిలబడి, చెయ్యి చాచి ఒక గుర్తు పెట్టాలి. మోకాళ్లు వంచి, అలాగే మూడు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు ఎగిరి రెండో గుర్తు పెట్టాలి. ఆ తర్వాత ఆగకుండా, వంగిన వెంటనే ఎగిరి మూడో గుర్తు. చాలామందికి మూడో గుర్తే పైన పడుతుంది. వంగుతున్నప్పుడే కండరాలు బిగుసుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. మడమ పైన తాడులా తగిలే స్నాయువు రబ్బరులా సాగి కొంత బలాన్ని దాచుకుంటుంది. ఆగితే అదంతా వృథా. మరి మిడత ఆగి ఎగిరినా నష్టపోదేం? దానికి గొళ్లెం ఉంది, మనకి లేదు. ఇర్రి కాళ్లలోనూ పొడవాటి స్నాయువులే నేలను తాకిన ప్రతిసారీ సాగి, మళ్లీ ముడుచుకుంటూ అంగ వెనక అంగను అందిస్తాయి. (కింది అంతస్తులో ఎవరైనా ఉంటే మధ్యాహ్నం నిద్రవేళలో ఈ ప్రయోగం మానుకోవడం మంచిది!)

పుస్తకాల గడ్డి

రోళ్లపాడుకి వెళ్లాలనుకుంటే కర్నూలులో బస చేసి తెల్లవారుజామునే బయల్దేరడం మేలు. ఎండ ముదిరాక మందలు దూరంగా జరిగిపోతాయి, నీడ కోసం మనుషులకీ వెతుకులాటే. లోపలికి వెళ్లే ముందు అటవీ సిబ్బందిని కలవాలి. మంచినీళ్లు, తిండి వెంట ఉండాలి. బైనాక్యులర్లు ఉంటే ఇంకా మంచిది. ఇర్రి మందలు ఏడాది పొడవునా కనిపిస్తాయి. గడ్డి పచ్చగా చూడాలంటే మాత్రం వానలు పడ్డాకే. అలగనూరు జలాశయం దగ్గర్లోనే ఉంది, చలికాలంలో నీటిపక్షుల కోసం అటూ ఓ చూపు వేయొచ్చు. చేల గట్ల మీద నడిచేటప్పుడు పంట తొక్కకుండా చూసుకోవాలి. ఇర్రులు తొక్కింది చాలు.

వానాకాలంలో వెళ్లలేకపోతే ఇంట్లో ఇంకో ప్రయోగం మిగిలే ఉంది. అట్ట మిడతను ఇప్పుడు నేల నెమలి అనుకోవాలి. దాని ముందు పాఠ్యపుస్తకాలను వరసగా నిలబెట్టాలి. అదే గడ్డి. ఒకరు పుస్తకాలకు ఇవతల బోర్లా పడుకుని, కళ్లు నేలకి దగ్గరగా పెట్టి చూడాలి. వాళ్లు ఆడ పక్షి. అవతల ఇంకొకరు అట్టను ఎగరేయాలి. చిన్న నోటు పుస్తకాలు నిలబెడితే ప్రతి గెంతూ కనిపిస్తుంది. పెద్ద అట్లాసులు నిలబెడితే పదింటిలో ఒకటో రెండో. ఏ ఎత్తు గడ్డిలో ఎంత గెంతితే కనిపిస్తుందో కాగితం మీద రాసుకుంటూ పోవచ్చు.

అన్నీ అయ్యాక చివరిసారి పుస్తకాలన్నీ పక్కకి తీసేయమనండి. పశువులు మేసేసిన నేల, లేదా దున్నేసిన నేల అనుకోవాలి. ఇప్పుడు అట్ట ఎగిరినా కనిపిస్తుంది, ఎగరకపోయినా కనిపిస్తుంది. ఇక గెంతాల్సిన పనేముంది అనిపిస్తుంది పిల్లలకి. ఇంకొకరిని కుర్చీ ఎక్కి పై నుంచి చూడమనండి. వాళ్లు గద్ద. ఇందాక పుస్తకాల చాటున నక్కిన అట్టముక్క ఇప్పుడు గచ్చు మధ్యలో ఒంటరిగా, అన్ని వైపుల నుంచీ కనిపిస్తూ ఉంటుంది.